అప్పగింతలు

ఆడపిల్ల పెళ్లిలో అప్పగింతల ఘట్టం చూడని తెలుగువాళ్లుండరు. పాలగిన్నెలో పిల్ల చేతులు ముంచి, అత్తవారి చేతుల్లో పెట్టేసరికి, అప్పటిదాకా విస్తళ్ల దగ్గర పోట్లాడిన మేనమామలు కూడా కండువాతో కళ్లొత్తుకుంటారు. నాకు మాత్రం ఒక సంగతి ఎప్పుడూ విడ్డూరంగా వుంటుంది. ఇరవయ్యేళ్లు పెంచిన పిల్లను అరగంటలో అప్పగించగలిగిన మనవాళ్లు, నలుగురి కోసం పెట్టిన సంఘాన్ని మాత్రం ఇంకొకరి చేతుల్లో పెట్టలేరు. పెట్టినాయన వున్నంతకాలం ఆయనే అధ్యక్షుడు, ఆయనే కోశాధికారి, కుర్చీలు వేయించేవాడూ ఆయనే. ఆయన పోయిన మర్నాడు ఇక సంఘమే వుండదు. బోర్డు మాత్రం మరో పదేళ్లు వేలాడుతుంది.

నేను చెప్పబోయేది ఒక కార్ల సంఘం సంగతి. తెలుగు పాఠాలు చెప్పుకునే లెక్చరరమ్మకు కార్ల సంఘంతో పనేమిటని మీరడగవచ్చు. మా కాలేజీలో అందరూ అడిగారు. మా నాన్నగారు పోయాక ఇల్లు అన్నయ్యకూ, 1984 నాటి అంబాసిడరు నాకూ వచ్చాయి. అన్నయ్య వద్దన్నాడు కనుక వచ్చిందని చెప్పడమే న్యాయం. దాన్ని గుంటూరు తీసుకొచ్చిన రోజున మావారు గుమ్మంలో నిలబడి, "మీ పుట్టింటి సారె ఇన్నాళ్లకు వచ్చింది, అదీ నెట్టుకుంటూ" అన్నారు. నలుగురు కుర్రాళ్లు నిజంగానే నెడుతున్నారు మరి.

అంబాసిడరు గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే కారు వుండేది. దాని మూడో రకాన్ని నమూనాగా తీసుకుని 1957లో హిందుస్థాన్ మోటార్సువారు ఆ పేరుతో మొదలుపెట్టారు. కలకత్తా దగ్గర ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే వరకూ తయారైంది. అంటే మూడు తరాలు అందులో ఎక్కి దిగాయి. కలెక్టరుగారు దిగిందీ అందులోంచే, కొత్త పెళ్లికూతురు దిగిందీ అందులోంచే. 2017లో ఆ పేరును ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీ 80 కోట్ల రూపాయలకు కొనుక్కుంది. పేరుకు 80 కోట్లు! ఆ పేరుగల కారుకు వైపరు మోటారు కావాలంటే మాత్రం మనం మూడు జిల్లాలు తిరగాలి.

ఆ తిరుగుడులోనే నాకు ఇంజనీరుగారి పరిచయమైంది. నీటిపారుదల శాఖలో చేసి రిటైరయిన మనిషి. పదకొండేళ్ల క్రితం, మూతపడుతున్న ఒక స్పేరుపార్టుల దుకాణంలో మిగిలిన సరుకంతా తూకానికి పోతూంటే చూడలేక, మొత్తం కొని ఒక షెడ్డు అద్దెకు తీసుకుని అందులో పెట్టారట. తరవాత తనలాంటివాళ్లను వెతికి పోగుచేశారు. అలా పుట్టింది మా సంఘం. నేను చేరేనాటికి నలభై మంది. సగానికిపైగా అంబాసిడర్లు, తక్కినవి చాలావరకు పద్మినీలు, రెండు స్టాండర్డ్ హెరాల్డులు. సభ్యుల్లో డాక్టరున్నాడు, మిరపకాయల వ్యాపారి వున్నాడు, పద్మినిలోనే పెళ్లిళ్లకు వెళ్లి మంత్రాలు చదివే పురోహితుడుగారున్నారు. ప్రతి ఆదివారం ఉదయం షెడ్డు దగ్గర చేరతాం. ఎవరి కారుకు ఏం జబ్బో చెప్పుకుంటాం. ఆసుపత్రి వరండాలో రోగుల కబుర్లలాగే వుంటాయి సుమండీ! ఒకరికి దగ్గు, ఒకరికి కీళ్లనొప్పి, ఒకరికి తెల్లవారుజామున లేవలేకపోవడం.

ఇదంతా పనిలేనివాళ్ల సరదా అనుకోకండి. పాతకారు ఒంటరిగా బతకలేదు. కొత్తకారు యజమానికి కంపెనీ వుంది, షోరూము వుంది. మాకు మేమే వున్నాం. ఒకరు అమ్మేసిన కారులోంచి మరొకరి కారుకు తలుపు వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో లేతుమిషను ముందు కూర్చునే ఒక పెద్దాయన, అరిగిపోయిన బుష్షు చూపిస్తే కొత్తది చేసిపెడతాడు. కాని ఒక్కటి చెయ్యడు, పదైతే చేస్తాడు. ఆ పదిమందీ దొరకాలంటే సంఘం కావాలి. దానికితోడు సర్కారు ఖర్చులు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను తిరిగి చేయించుకునేందుకు 600 రూపాయలున్న రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 2025లో, ఇరవయ్యేళ్లు దాటినవాటికి దాన్ని 10,000 చేశారు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు నిండిన కారుకైతే 'వింటేజి' అనే హోదా దొరుకుతుంది. నా కారు ముసలిదే గాని, గౌరవం దక్కేంత ముసలిది కాదు. మనుషుల్లోనూ ఆ వయసే కష్టం లెండి.

ఇక డబ్బు సంగతి. సభ్యత్వం ఏడాదికి 500 రూపాయలు. పదకొండేళ్లుగా అదే. నలభై మందికి 20,000. "సరిపోతోందా బాబాయిగారూ?" అని ఎవరైనా అడిగితే ఇంజనీరుగారు, "సరిపోతోందమ్మా, సరిపోతోంది" అనేవారు. ఆయన అన్నారు, మేం విన్నాం. అడిగిన పుణ్యం మాకూ, దాటవేసిన పుణ్యం ఆయనకూ దక్కేవి.

పోయినేడు ఆయనకు డెబ్బై ఆరు నిండాయి. గుండెకు చిన్న మరమ్మతు జరిగింది. ఆసుపత్రినుంచి వచ్చిన రెండో ఆదివారం షెడ్డుకు వచ్చి, "ఇక నావల్ల కాదు. ఎవరైనా తీసుకోండి" అన్నారు. నలభై మందిలో ఒక్కరూ మాట్లాడలేదు. డాక్టరుగారు బూటు చూసుకున్నారు. వ్యాపారిగారికి ఫోను వచ్చినట్టయింది. చివరకు ఎవరో, "ముందు లెక్కలు ఒక కాగితం మీద రాయిద్దాం. మేడంగారి చేతిరాత బాగుంటుంది" అన్నారు. అలా ఆ పుస్తకం నా ఇంటికి వచ్చింది.

ఆ పుస్తకం చదవడం నాకు కష్టం కాలేదు. జమవైపు చందాలన్నీ తేదీలతో, రసీదు నంబర్లతో సహా ముత్యాల్లా వున్నాయి. ఖర్చువైపు షెడ్డు అద్దె కొన్ని నెలలు వుంది, కొన్ని నెలలు లేదు. కరెంటు బిల్లు ఒక ఏడాది వుంది, తరవాత రెండేళ్లు లేదు. వాచ్‌మన్ జీతం అసలు లేనేలేదు. షెడ్డు యజమానిని అడిగితే తనకు ప్రతినెలా ఒకటో తారీఖున అందుతోందన్నాడు. లెక్క వేశాను. అద్దె నెలకు 3,500 చొప్పున ఏడాదికి 42,000. కరెంటు 6,000. వాచ్‌మన్‌కు 12,000. మొత్తం 60,000. వచ్చేది 20,000. తక్కిన నలభై వేలూ ఎక్కణ్నుంచి వస్తున్నాయో చెప్పడానికి ఎమ్మే చదవనక్కర్లేదు. మొదట్లో అద్దె తక్కువే గాని, అన్నీ కలుపుకుంటే పదకొండేళ్లలో మూడు లక్షల పైచిలుకు ఆయన పింఛనులోంచి వెళ్లింది.

పుస్తకం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆయన నిద్రపోతున్నారు. పిన్నిగారు కాఫీ తెచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి, నెమ్మదిగా అడిగారు.

"ఒక మాట అడుగుతాను, నవ్వకు తల్లీ. ఆయనకేదైనా అయితే ఆ షెడ్డు అద్దె నన్నడుగుతారా?"

నాకు కాఫీ మింగుడు పడలేదు. షెడ్డు అద్దె ఒప్పందం ఆయన పేరున వుంది. బ్యాంకి ఖాతా ఆయన పేరున వుంది. ఆ డబ్బాల్లో వున్న బేరింగులూ, గ్యాస్కెట్లూ, హెడ్‌లైటు అద్దాలూ అన్నీ కాగితం ప్రకారం ఆయనవే. మేం మాది అనుకుంటున్న సంఘం చట్టం కంటికి ఒక ముసలాయన సొంత సామాను. రేపు అమెరికానుంచి కొడుకు పదిరోజుల సెలవుమీద వస్తే, దాన్ని మళ్లీ తూకానికి వెయ్యడం తప్ప ఆ అబ్బాయి మాత్రం ఏం చేయగలడు?

ఆయన లేచాక అడిగాను, "చందా పెంచమని ఒక్కసారైనా ఎందుకడగలేదు బాబాయిగారూ?" అని.

"అడిగితే కార్లు అమ్మేసుకుంటారమ్మా. ఇప్పటికే ఇంట్లోవాళ్ల చేత తిట్లు తింటూ పెట్టుకున్నారు."

"మీరు అడగలేదు కనుకనే మొన్న ఒక్కడూ నోరెత్తలేదు. పైకి తెలియకపోయినా అందరికీ వాసన తగిలింది. ఏడాదికి నలభై వేలు చేతినుంచి పెట్టగలిగినవాడికే మీ కుర్చీ. అలాంటివాణ్ని మనం ఎక్కడ తెస్తాం?"

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "నాకది బరువనిపించలేదు" అన్నారు చివరకు. అదే చిక్కు. ఆయనకు బరువనిపించని దాన్ని మరొకరు ఎత్తలేరు.

గొప్పవాళ్ల విషయంలోనూ ఇంతే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ మందు మీద వచ్చిన డబ్బుతో 1908లో ఆంధ్రపత్రికను పెట్టారు, 1924లో భారతిని పెట్టారు. తెలుగువాళ్ల తలనొప్పి డబ్బులతో తెలుగు సాహిత్యం నడిచింది. 1938లో ఆయన పోయాక అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు ఆ బరువును భుజాన వేసుకున్నారు కనుక భారతి 1991 దాకా బతికింది. మహాదాతకు అటువంటి అల్లుడు దొరికాడు. అందరికీ దొరుకుతాడా? ఒక జేబు మీద నడిచే పనికి వారసుడు పుట్టాలి. పది జేబుల మీద నడిచే పనికి వారసుణ్ని ఎన్నుకోవచ్చు.

ఈలోగా మరో ఆశ కలిగింది. పట్నంలో పాతకార్లు కొని, మెరుగులు దిద్ది, పెళ్లిళ్లకూ సినిమాలకూ అద్దెకిచ్చే ఒక పెద్దమనిషికి మా సంగతి తెలిసింది. షెడ్డు ఖర్చంతా తాను భరిస్తానన్నాడు. బదులుగా మూడే కోరికలు. బోర్డుమీద అతని దుకాణం పేరుండాలి. సభ్యుల పేర్లూ, ఫోను నంబర్లూ, ఎవరిది ఏ సంవత్సరపు కారో రాసిన జాబితా ఇవ్వాలి. ఎవరు కారు అమ్మదలచినా ముందు అతనికే చూపించాలి. మావాళ్లలో సగం మంది ముఖాలు వెలిగిపోయాయి.

అతను చెడ్డవాడని నేననను. ఇలాంటి పనులకు బయటి డబ్బు తీసుకోవడం కొత్తేమీ కాదు. ఇంగ్లండులో మోటారుకార్ల వేగం హద్దు గంటకు 4 మైళ్లనుంచి 14 మైళ్లకు పెంచిన సంతోషంలో, 1896 నవంబరు 14న కొందరు లండన్‌నుంచి బ్రైటన్‌దాకా కార్లు నడిపారు. ఆ యాత్రను 1927లో ఒక పత్రిక ఖర్చు పెట్టుకుని తిరిగి మొదలుపెట్టింది. 1930నుంచి అక్కడి రాయల్ ఆటోమొబైల్ క్లబ్బు దాన్ని చేతిలోకి తీసుకుంది. 1905కు ముందరి కార్లతో ఆ యాత్ర ఇప్పటికీ సాగుతోంది. మన దేశంలోనూ 1964లో ఢిల్లీలో పాతకార్ల ర్యాలీ మొదలుపెట్టింది స్టేట్స్‌మన్ పత్రికే. కాని పత్రికవాళ్లకు కావలసింది నలుగురూ చూడటం. ఈయనకు కావలసింది మా కార్లు. మేకలను కాస్తానని వచ్చినవాడు మాంసం కొట్టు నడుపుతున్నాడా లేదా అన్నది చూసుకోవాలి గదా?

తరవాతి ఆదివారం సభలో లెక్కల కాగితం షెడ్డు తలుపుకు అంటించాను. అందరూ చదివారు. అంకెలు పైకి చదవలేదు గాని, ఒక్కొక్కరూ ఇంజనీరుగారి వైపు తిరిగి చూసి తలదించుకోవడం కనిపించింది. ఆయన మటుకు దొరికిపోయిన దొంగలాగా కూర్చున్నారు. దానం చేసి దొంగలా కూర్చున్న మనిషిని నేను అప్పుడే చూశాను.

"అరవై వేలను నలభై పెట్టి భాగించండి. మనిషికి 1,500" అన్నాను. "మూడింతలా!" అని ఒక మూలనుంచి కేక. "ఆయన ఉత్తినే ఇస్తానంటూంటే మనకెందుకమ్మా ఈ తంటా?" అని ఇంకొకరు. నేను కోటప్పకొండ తిరనాళ్లను గుర్తుచేశాను. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తాటిచెట్లను మించిన ప్రభలు కట్టుకుని కొండకింద నిలబెడతారు. ఊరంతా చందాలు వేసుకుని కట్టే ప్రభకు, వచ్చే ఏడు పెద్ద ఎవరన్న దిగులు వుండదు. తాతలు కట్టారు, మనవలు కడుతున్నారు. అదే ప్రభను ఒక షావుకారు డబ్బుతో కడితే, అది ఆ షావుకారు ప్రభ అవుతుంది. ఊరివాళ్లు మోసే కూలీలవుతారు.

ఉపన్యాసానికి మనసులు కరిగిపోయాయని రాస్తే బాగుండును. అలా జరగలేదు. గంటన్నర వాదులాట జరిగింది. దాన్ని తేల్చింది పురోహితుడుగారు. ఆయన లేచి, "పదిహేను వందలు ఒక్కసారి నా దగ్గరుండవు. నెలకు నూట ఇరవై అయిదు చొప్పునైతే ఇస్తాను. ఆ షావుకారికి మాత్రం నా బండి చూపించను" అని కూర్చున్నారు. సభలో అందరికంటే తక్కువ రాబడి వున్న మనిషి అలా అన్నాక, రెండు కార్లున్నవాళ్లు ఎలా కాదంటారు? అయినా ఆరుగురు మానేశారు. ముప్ఫై నలుగురం మిగిలాం. 51,000. ఇంకా తొమ్మిది వేలు తక్కువ. ఏడాదికి మా దగ్గర సుమారు తొంభై వేల రూపాయల పార్టులు చేతులు మారతాయి. కొన్న ధరకే ఇచ్చే పద్ధతి మాని, రూపాయికి పది పైసలు సంఘానికి చేర్చాం. లెక్క అతికింది.

ఆ పైన రిజిస్ట్రేషను. మన రాష్ట్రపు 2001 సొసైటీల చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి కనీసం ఏడుగురుండాలి. పెళ్లికి ఏడడుగులు, సంఘానికి ఏడుగురు! సంతకాలైన పిమ్మట సంఘం పేరున బ్యాంకిలో ఖాతా తెరిచాం. చెక్కు మీద ఇద్దరి సంతకాలుండాలి. కార్యదర్శి పదవి రెండేళ్లు, వరసగా రెండుసార్లకు మించి వీల్లేదు. అద్దె ఒప్పందం మార్పించాం. డబ్బాల్లోని సరుకంతా సంఘానిదేనని ఇంజనీరుగారు కాగితం రాసిచ్చారు. అమెరికాలోని అబ్బాయి ఫోనులో విని, "నాన్నగారిదంటూ ఏదీ మిగలదా?" అని ఒక్క ప్రశ్న వేసి, తరవాత సరేనన్నాడట.

మిగలకేం? ఆయనిచ్చిన మూడు లక్షలూ తిరిగి తీసుకోనన్నారు. కనీసం పుస్తకంలో రాస్తామంటే అదీ వద్దన్నారు. "అది నా సరదా ఖర్చమ్మా, సంఘం పద్దు కాదు." నేను మాత్రం పట్టువిడవలేదు. పేరుకోసం కాదు. దాచిన దానం వెనకవచ్చేవాడికి అప్పులాంటిది. నిజానికి ఎంతవుతుందో తెలియక వాడు మునుగుతాడు. చివరకు కొత్త పుస్తకం మొదటి పేజీలో, సంవత్సరాలవారీగా, 'విరాళం' అని రాశాం.

కార్యదర్శిగా విద్యుత్ శాఖలో పనిచేసే ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు ముందుకొచ్చాడు. వాళ్ల తాతగారి పద్మిని నడుపుతాడు. 2023 అక్టోబరులో బొంబాయి వీధుల్లోంచి ఆఖరి పద్మిని టాక్సీలు సెలవు తీసుకున్నప్పుడు, ఇంట్లో పెద్దవాళ్లెవరో పోయినట్టు అన్నం మానేశాడని వాళ్లమ్మ చెప్పింది. ఆ కుర్రాడికి అప్పగింతలు మూడు ఆదివారాలు పట్టాయి. తాళం చెవులకూ, రసీదు పుస్తకాలకూ, ఫోనులోని మా వాట్సాప్ గుంపు పెత్తనానికీ పట్టింది అరగంటే. తక్కిన కాలమంతా ఇంజనీరుగారి జేబులోని చిన్న నోటుబుక్కుకే సరిపోయింది. తెనాలిలో ఏ ఇంటి అటకమీద ముందు అద్దం వుంది, దాన్ని అడిగేముందు ఆ ముసలమ్మగారి కొడుకు క్షేమం ఎందుకడగాలి, లేతుమిషను పెద్దాయన దగ్గరకు శుక్రవారం మధ్యాహ్నం ఎందుకు వెళ్లకూడదు, ఎవరికి అరువివ్వవచ్చు, ఎవరికి ఇచ్చి మరిచిపోవాలి. ఇవన్నీ ఆయన చెబుతూంటే ఆ అబ్బాయి రాసుకున్నాడు. లెడ్జరుకెక్కని ఆస్తి అది.

నాలుగో ఆదివారం ఇంజనీరుగారు వచ్చేసరికి కుర్రాడు డబ్బాలన్నీ వేరే వరసలో సర్దేశాడు. పదకొండేళ్లుగా ఎడమచేతివైపున్న అంబాసిడరు బేరింగులు కుడివైపు అటకెక్కాయి. పెద్దాయన చూశారు. నోరు తెరిచారు. నా గుండె ఆగినంత పనయింది. ఆయన నోరు మూసుకుని, బల్లమీద కూర్చుని, జేబులోంచి మూడు అయిదువందల నోట్లు తీసి, "నా చందా రాయి బాబూ" అన్నారు.

"మీకు చందా ఏమిటండీ తాతగారూ!" అన్నాడా కుర్రాడు నొచ్చుకుంటూ.

"రాయవయ్యా. రసీదు కూడా కావాలి."

వాడు రాశాడు. ఆయన రసీదు రెండుసార్లు చదువుకుని, మడిచి, ఖాళీ అయిన నోటుబుక్కు జేబులో పెట్టుకున్నారు. "ఇంతకీ నా బండికి ఫ్యాను బెల్టు కావాలి. ఏ డబ్బాలో పెట్టావు?" అని అడిగారు.

బెల్టు ఖరీదు మీద రూపాయికి పది పైసలు కూడా ముక్కుపిండి వసూలు చేశాడా కుర్రాడు. సంఘం నిలబడుతుందని నాకు నమ్మకం కుదిరింది.